బ్రెజిల్ జట్టును కానరీ అని ఎందుకంటారు? ఆ పసుపు జెర్సీ ఎక్కడి నుంచి వచ్చింది?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. బ్రెజిల్ ఫుట్‌బాల్ జట్టును 'కనారిన్యో', అంటే కానరీ పిట్ట అని ఎందుకంటారు? ఆ పసుపు రంగు మొదటి నుంచీ ఉన్నదేనా? 1950లో ఓడిపోయాక తెల్ల జెర్సీని శాశ్వతంగా నిషేధించారని చదివారట, అది నిజమేనా?

నేను ఓ తెలుగు దినపత్రిక స్పోర్ట్స్ డెస్కులో చాలాకాలం పనిచేశాను. ప్రపంచ కప్ వచ్చిందంటే జట్ల ముద్దుపేర్ల మీద ఒక బాక్స్ ఐటమ్ పడాల్సిందే. ఇటలీ, ఉరుగ్వే, నెదర్లాండ్స్, కామెరూన్, ఇలా ఎన్నో జట్ల పేర్ల కథలు రాశాను, ఇతరులు రాసినవి దిద్దాను. వాటన్నింటిలో నాకు బాగా ఇష్టమైనది బ్రెజిల్ కథ. ఎక్కువ తప్పులతో చలామణి అవుతున్నదీ అదే. అందుకే కాస్త పొడవైనా సరే, వివరంగా రాస్తున్నాను.

ముందు సూటి జవాబు. ముద్దుపేరు చొక్కా రంగు నుంచి వచ్చింది. ఆ చొక్కా ఒక ఓటమి తర్వాత వచ్చింది. 1953 దాకా బ్రెజిల్ ఎక్కువగా తెల్ల చొక్కాలతో ఆడేది. 1950లో సొంతగడ్డ మీద ప్రపంచ కప్ చేజారాక, 1953లో రియోలోని 'కొరేయో ద మన్యా' అనే దినపత్రిక కొత్త జెర్సీ కోసం పోటీ పెట్టింది. ఆ పోటీలో గెలిచిన పసుపు చొక్కాతో జట్టు 1954 నుంచి ఆడుతోంది. ఆ పసుపును చూసి 'కానరీ జట్టు' అనే మాటను జనంలోకి తీసుకెళ్లింది గెరాల్దో జోసె ది అల్మేడా అనే వ్యాఖ్యాత అని బ్రెజిల్‌లో చెబుతారు. ఇక తెల్ల జెర్సీ నిషేధం సంగతంటారా, అలాంటిదేమీ లేదు. దాని గురించి చివర్లో రాస్తాను.

ఇప్పుడు మొదటి నుంచి చూద్దాం.

బ్రెజిల్ జాతీయ జట్టు తొలి మ్యాచ్ 1914 జులై 21న రియోలోని లరంజీరాస్ మైదానంలో జరిగింది. ప్రత్యర్థి ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎక్సెటర్ సిటీ క్లబ్బు. బ్రెజిల్ 2-0తో గెలిచింది. వేసుకున్నవి తెల్ల చొక్కాలు. ఆ తర్వాత నీలం కాలరున్న తెల్ల చొక్కా అలవాటైంది. అప్పట్లో ఈ విషయంలో ఇప్పుడున్నంత పట్టింపు లేదు. అవసరాన్ని బట్టి వేరే రంగులు కూడా వేసేవారు. 1938 ప్రపంచ కప్‌లో పోలండ్‌పై 6-5తో గెలిచిన ఆ అద్భుతమైన మ్యాచ్‌ను లేత నీలం చొక్కాల్లో ఆడారు.

తెల్ల చొక్కా దురదృష్టం తెచ్చిందన్న మాట మీరు వినే ఉంటారు. రికార్డు చూడండి. 1919, 1922, 1949 దక్షిణ అమెరికా చాంపియన్‌షిప్‌లు బ్రెజిల్ గెలిచింది పసుపు జెర్సీ పుట్టకముందే. 1919లో ఉరుగ్వేతో జరిగిన నిర్ణాయక మ్యాచ్‌లో అదనపు సమయంలో ఫ్రీడెన్‌రైక్ కొట్టిన ఒక్క గోల్‌తో టైటిల్ వచ్చింది. ఆ దేశం ఫుట్‌బాల్‌ను తనదిగా చేసుకున్న రోజు అది. అంటే ఆ తెల్ల చొక్కాకూ ఒక ఘనచరిత్ర ఉంది. 1950 ఆ చరిత్రనంతా ఒక్క దెబ్బతో కప్పేసింది.

1950లో ఏం జరిగిందో కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే అది అర్థం కాకపోతే చొక్కా ఎందుకు మార్చారో అర్థం కాదు. ఆ ప్రపంచ కప్‌లో ఫైనల్ అంటూ విడిగా లేదు. నాలుగు జట్లు చివరి రౌండ్లో ఒకదానితో ఒకటి ఆడాలి, ఎక్కువ పాయింట్లు వచ్చిన జట్టుకు కప్పు. బ్రెజిల్ ఆ రౌండ్లో స్వీడన్‌ను 7-1తో, స్పెయిన్‌ను 6-1తో చిత్తు చేసింది. చివరి మ్యాచ్ జులై 16న రియోలో కొత్తగా కట్టిన మరకానా స్టేడియంలో, ఉరుగ్వేతో. డ్రా చేసుకున్నా చాలు, కప్పు బ్రెజిల్‌దే. టికెట్ కొన్నవాళ్లే 1,73,850 మంది అని లెక్క. లోపలున్న అసలు జనం దాదాపు 2 లక్షలు అంటారు. మ్యాచ్ మొదలుకాకముందే ఒక పత్రిక జట్టు ఫొటో వేసి ప్రపంచ విజేతలు వీళ్లేనని రాసేసింది.

రెండో సగం మొదలవగానే బ్రెజిల్ ఆటగాడు ఫ్రియాసా గోల్ కొట్టాడు. 66వ నిమిషంలో ఉరుగ్వే ఆటగాడు షియాఫినో సమం చేశాడు. 79వ నిమిషంలో గిజ్జియా కుడివైపు నుంచి దూసుకొచ్చి, గోల్‌కీపర్ బార్బోసాకూ దగ్గరి స్తంభానికీ మధ్య ఉన్న సందులోంచి బంతిని లోపలికి పంపాడు. 2-1. స్టేడియం మూగబోయింది. కప్పు ఇవ్వడానికి వచ్చిన ఫిఫా అధ్యక్షుడు జూల్స్ రిమే బ్రెజిల్ గెలుస్తుందని పోర్చుగీసులో ప్రసంగం సిద్ధం చేసుకున్నారు. చివరికి ఏ ఆర్భాటమూ లేకుండా, గుంపులో ఉరుగ్వే కెప్టెన్ ఒబ్దులియో వరేలాను వెతికి పట్టుకుని ఆయన చేతిలో కప్పు పెట్టారు.

ఆ తర్వాత జరిగినదాన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధేస్తుంది. నింద అంతా ముగ్గురు నల్లజాతి ఆటగాళ్ల మీద పడింది: బార్బోసా, బిగోడె, జువెనాల్. బార్బోసా అప్పట్లో ఖండంలోనే మేటి గోల్‌కీపర్లలో ఒకడు. 2000లో చనిపోయేదాకా ఆ గోల్ ఆయన్ని వదల్లేదు. తమ దేశంలో ఎంత పెద్ద నేరానికైనా 30 ఏళ్లకు మించి శిక్ష లేదని, తాను మాత్రం 50 ఏళ్లుగా అనుభవిస్తున్నానని ఆయన అన్న మాట ఆ దేశంలో అందరికీ తెలుసు. మనుషుల మీద మోపినట్టే చొక్కా మీద కూడా నింద మోపారు. తెలుపులో దేశం కనిపించడం లేదని, దానికి జాతీయ భావమే లేదని పత్రికలు రాశాయి. మరకానా ఓటమి తర్వాత జాతీయ జట్టు దాదాపు రెండేళ్లు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

(ఆ 1950 టోర్నీలో మన దేశానికీ చోటు దక్కింది. స్వీడన్, ఇటలీ, పరాగ్వేలతో కలిపి ఒకే గ్రూపులో వేశారు. మనవాళ్లు వెళ్లలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వమన్నందుకే మానుకున్నారన్న కథ బాగా ప్రచారంలో ఉంది గానీ, దూర ప్రయాణం, జట్టు ఎంపికలో తేడాలు, ఒలింపిక్స్‌కే ఎక్కువ విలువ ఇచ్చిన అప్పటి ఆలోచన, ఇవన్నీ కలిస్తే తీసుకున్న నిర్ణయం అది.)

ఇక పోటీ దగ్గరికి వద్దాం. 1953లో 'కొరేయో ద మన్యా' అప్పటి క్రీడా సమాఖ్య మద్దతుతో కొత్త జెర్సీ డిజైన్ల కోసం పోటీ ప్రకటించింది. షరతు ఒక్కటే, కానీ చాలా కష్టమైనది. జెండాలోని నాలుగు రంగులూ, ఆకుపచ్చ, పసుపు, నీలం, తెలుపు, అన్నీ దుస్తుల్లో ఉండాలి. మామూలుగా జట్లు రెండు రంగులతో, మహా అయితే మూడింటితో సరిపెట్టుకుంటాయి. నాలుగు కలిస్తే చూడ్డానికి గందరగోళంగా ఉంటుంది.

గెలిచింది ఆల్దిర్ గార్సియా ష్లీ. దేశానికి దక్షిణాన ఉరుగ్వే సరిహద్దులోని జాగ్వారావ్ అనే చిన్న ఊరివాడు. అప్పటికి ఇరవై ఏళ్లు కూడా లేవు. పెలోటాస్ నగరంలో పత్రికలకు బొమ్మలు గీసేవాడు. నాలుగు రంగులనూ చొక్కా మీద ఎన్ని రకాలుగా పేర్చి చూసినా కుదరక, చివరికి వాటిని విడదీశాడు. నీలం, తెలుపు బాగా కలుస్తాయి కాబట్టి అవి కిందికి వెళ్లాయి: నీలం నిక్కరు, దానికి తెల్ల గీత, తెల్ల మేజోళ్లు. మిగిలిన రెండూ దేశం రంగులుగా అందరూ గుర్తించేవే, అవి చొక్కాకి వచ్చాయి: పసుపు చొక్కా, మెడకూ చేతులకూ ఆకుపచ్చ అంచు. ఇవాళ మనం చూస్తున్నది దాదాపు అదే. డెబ్భై ఏళ్లలో బట్ట మారింది, కంపెనీలు మారాయి, ఆ అమరిక మారలేదు. ఒక్క కుర్రాడి ఆలోచన అన్నేళ్లు నిలబడటం క్రీడా డిజైన్‌లో అరుదు.

ఈ మనిషి గురించి ఇంకో విషయం తెలుసుకోవాలి. ష్లీ మనసులో అభిమానించింది ఉరుగ్వేను. సరిహద్దు ఊళ్లో పుట్టాడు, నది మీద వంతెన దాటితే ఉరుగ్వే ఊరు రియో బ్రాంకో. ఆ భాష, ఆ రేడియో, ఆ ఆటగాళ్ల కథలు వింటూ పెరిగాడు. 1950 జులై 16న ఉరుగ్వే వైపు సినిమా హాల్లో ఉన్నానని, సినిమా ఆపి తమ దేశం ప్రపంచ విజేత అయిందని ప్రకటించారని, హాలంతా లేచి నిలబడిందని ఆయన తర్వాత చెప్పుకున్నారు. ఉరుగ్వే చేతిలో తిన్న దెబ్బ మరచిపోవడానికి బ్రెజిల్ కోరుకున్న చొక్కాను, ఉరుగ్వేను ప్రేమించిన కుర్రాడే గీసి ఇచ్చాడు. ఫుట్‌బాల్ చరిత్రలో నాకు తెలిసిన సంగతుల్లో దీనికి సాటి వచ్చేది లేదు. సరిహద్దు ఊళ్ల మనుషులకు రెండు దేశాలూ తమవే అనిపించడం సహజం, ఒడిశా సరిహద్దులో ఉండే మన ఊళ్లవాళ్లకు ఇది ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

ఆయన తర్వాత పత్రికా రచయితగా, అధ్యాపకుడిగా, సాహిత్యకారుడిగా పేరు తెచ్చుకున్నారు. సైనిక పాలనలో అరెస్టయ్యారు కూడా. జెర్సీ గీసినవాడిగా కాక రచయితగా గుర్తుండిపోవాలన్నదే ఆయన కోరిక. 2018 నవంబర్ 15న కన్నుమూశారు. మర్నాడు లండన్‌లో బ్రెజిల్, ఉరుగ్వే జట్లకే స్నేహపూర్వక మ్యాచ్ ఉంది. అది ముందే ఖరారైన మ్యాచ్. రెండు జట్లూ ఆయన కోసం మౌనం పాటించాకే ఆట మొదలైంది.

పసుపు చొక్కాతో జట్టు మైదానంలోకి దిగింది 1954 మొదట్లో, ప్రపంచ కప్ అర్హత పోటీల్లో, చిలీతో. ఆ ఏడాదే స్విట్జర్లాండ్‌లో ప్రపంచ కప్. 'కానరీ' అనే పిలుపు పుట్టింది ఈ రోజుల్లోనే. గెరాల్దో జోసె ది అల్మేడా సావో పాలోకు చెందిన రేడియో వ్యాఖ్యాత. భావావేశంతో, తనవైన ముద్దుమాటలతో చెప్పే శైలి ఆయనది. ఆయన నోట 'సెలెసావ్ కనారిన్యో' అన్న మాట మళ్లీ మళ్లీ వినబడి జనానికి అలవాటైపోయింది. 'సెలెసావ్' అంటే ఎంపిక చేసిన జట్టు అని మాత్రమే, అది ముద్దుపేరు కాదు. కనారిన్యోనే ముద్దుపేరు.

రేడియోలో రంగు కనబడదన్నది ఇక్కడ గమనించాలి. అప్పటి బ్రెజిల్‌లో కోట్లమందికి తమ జట్టు అంటే ఓ గొంతు మాత్రమే. కొత్త చొక్కా ఎలా ఉందో చూడలేని జనానికి వ్యాఖ్యాత ఒక్క మాటలో చూపించాలి. పసుపు అంటే ఏ పసుపు? ఊళ్లలో ప్రతి ఇంటి వసారాలో పంజరంలో కనిపించే పిట్ట రంగు. వినగానే బొమ్మ కట్టే మాట అది. నిలిచిపోయిన ముద్దుపేర్లన్నీ ఇలాంటివే అని నా అనుభవంలో గమనించాను. పత్రికల్లో మేం కూర్చుని తయారుచేసిన పేర్లు మాత్రం మర్నాటికే చచ్చిపోయేవి. మన తెలుగు పేపర్లలో బ్రెజిల్‌ను 'సాంబా జట్టు' అని రాయడం మీరు చూసే ఉంటారు. అది హెడ్డింగులో ఇమిడే పొట్టి మాట కాబట్టి మాకు అలవాటైంది.

పిట్ట గురించి కూడా ఒక వివరణ. కానరీ పక్షుల పుట్టిల్లు అట్లాంటిక్‌లోని కానరీ, మదీరా, అజోర్స్ దీవులు. పంజరాల్లో పెంచే పసుపు రకం వాటి సంతతి. బ్రెజిల్‌లో 'కనారియో ద తెర్రా' అని పిలిచే మరో పసుపు పిట్ట ఉంది, నెత్తిన నారింజ ఛాయ ఉంటుంది. అది ఆ నేల పిట్టే, దీవుల కానరీకి వేరు. ముద్దుపేరులో ఉన్నది ఈ రెండింట్లో ఏదని కొందరు వాదించుకుంటారు. పిలుపు రంగును బట్టి వచ్చింది కాబట్టి ఆ వాదన మీద ఎక్కువ సమయం పెట్టనవసరం లేదు. మరో ముచ్చటేమిటంటే, 1958లో కప్పు గెలిచిన జట్టుకు గుండెకాయ లాంటి గరించాకు ఆ పేరు పెట్టింది ఆయన అక్క, అదీ ఒక చిన్న పిట్ట పేరే.

ఇప్పుడు చాలామంది పొరబడే చోటు. 'తెలుపు ఓడించింది, పసుపు గెలిపించింది' అని కథను సాగదీస్తారు. పసుపు వేసుకున్న తొలి ప్రపంచ కప్‌లో, 1954లో, బ్రెజిల్ క్వార్టర్ ఫైనల్లోనే హంగరీ చేతిలో 4-2తో ఓడింది. కొట్లాటల వల్ల 'బెర్న్ యుద్ధం' అని పేరు పడ్డ మ్యాచ్ అది. ఇక 1958లో తొలి ప్రపంచ కప్ గెలిచిన ఫైనల్లో వేసుకున్నది పసుపు కానే కాదు, నీలం.

ఆ సంగతి చెబితే చాలామంది నమ్మరు. మా డెస్కులో ఒకసారి పాత నలుపు తెలుపు ఫొటోకు ఓ కుర్ర సబ్ ఎడిటర్ 'పసుపు జెర్సీల్లో సంబరం' అని క్యాప్షన్ రాశాడు. ఫొటోలో చొక్కాలు ముదురుగా ఉన్నాయి, అదే ఆధారం అని చూపించాను. ఇప్పుడు పాత ఫొటోలకు కంప్యూటర్‌తో రంగులద్దుతున్నారు కదా, ఆ ఫైనల్లో పీలే పసుపులో కనిపిస్తే ఆ ఫొటోను నమ్మకండి. జరిగింది ఇది: ఫైనల్ స్వీడన్‌తో, స్వీడన్‌దీ పసుపు చొక్కాయే. చీటీ తీస్తే పసుపు ఆతిథ్య జట్టుకు దక్కింది. బ్రెజిల్ దగ్గర రెండో రంగు దుస్తులు లేవు. స్టాక్‌హోమ్‌లో నీలం చొక్కాలు కొని, పసుపు చొక్కాల మీది చిహ్నాలు ఊడదీసి వాటి మీద కుట్టారు. రంగు మారిందని ఆటగాళ్లు టెన్షన్ పడుతుంటే, జట్టు నాయకబృందం పెద్ద పాలో మచాదో ది కర్వాల్యో వాళ్లకు ధైర్యం చెప్పారు: నీలం మన అపరెసీద మాత దుప్పటి రంగు, ఆ తల్లి మనతో ఉంది అని. అపరెసీద మాత బ్రెజిల్ దేశానికి రక్షక దేవత. 4వ నిమిషంలోనే స్వీడన్ ఆటగాడు లీడ్‌హోమ్ గోల్ కొట్టినా బ్రెజిల్ బెదరలేదు. 5-2తో గెలిచింది. వావా 2, పదిహేడేళ్ల పీలే 2, జగాలో 1.

గెలుపుకు కారణం ఏమిటని అడిగితే నేను రంగు పేరెత్తను. ఆ జట్టు వెంట డాక్టరు, పళ్ల డాక్టరు, మానసిక నిపుణుడు వెళ్లారు. ఆ రోజుల్లో అలాంటి ఏర్పాట్లు మరే జట్టుకూ పెద్దగా లేవు. బీద ఇళ్ల నుంచి వచ్చిన ఆటగాళ్ల పళ్లు, కడుపులు బాగుచేయించి తీసుకెళ్లారు. కోచ్ విసెంటె ఫియోలా 4-2-4 పద్ధతిని (వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు) పకడ్బందీగా ఆడించాడు. అన్నింటికీ మించి పీలే, గరించా, డిడీ ఒకే తరంలో దొరికారు. 1950 ఓటమి నుంచి బ్రెజిల్ నేర్చుకున్న అసలు పాఠం ఈ ఏర్పాట్లలో ఉంది. చొక్కా జనానికి కనిపించే భాగం.

1962లో శాంటియాగోలో చెకోస్లొవేకియాను 3-1తో ఓడించి పసుపులోనే కప్పు గెలిచారు. కానీ ఆ పసుపును ప్రపంచం కళ్లారా చూసింది 1970లో, మెక్సికోలో. రంగుల్లో ప్రసారమైన తొలి ప్రపంచ కప్ అది. ఎండలో మెరిసే పచ్చిక, దాని మీద పసుపు చొక్కాలు, ఫైనల్లో ఎదురుగా ఇటలీ నీలం. 4-1. 86వ నిమిషంలో కార్లోస్ ఆల్బెర్టో కొట్టిన గోల్‌ను ఎవరు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. మూడోసారి గెలవడంతో జూల్స్ రిమే కప్పు వాళ్లకు శాశ్వతంగా దక్కింది. అయితే ఆ రంగులను యూరప్‌లో చూసినంతగా బ్రెజిల్ ప్రజలే చూడలేదు. అక్కడ కలర్ టీవీ 1972లో గానీ మామూలు ప్రసారంగా మొదలవలేదు. తమ కానరీలను ఆ దేశంలో చాలామంది నలుపు తెలుపుల్లోనే చూశారు, వ్యాఖ్యానం చేసినవారిలో మళ్లీ అదే గెరాల్దో.

1982 నాటికి ఈ పేరు ఎంతగా పాతుకుపోయిందంటే, ప్రపంచ కప్‌కు ముందు ఆ జట్టు డిఫెండర్ జూనియర్ స్వయంగా కానరీని ఎగరమంటూ ఒక సాంబా పాట పాడి రికార్డు విడుదల చేశాడు, అది దేశమంతా మోగింది. జికో, సోక్రటీస్, ఫాల్కావ్ ఆడిన ఆ జట్టు బార్సిలోనాలో ఇటలీ చేతిలో 3-2తో ఓడిపోయింది. నేను చూసినవాటిలో, చదివినవాటిలో కప్పు గెలవని జట్లలో అంత అందంగా ఆడినది మరొకటి లేదు. మన దగ్గర మా తరానికి బ్రెజిల్ పిచ్చి పట్టింది 1986లో, దూరదర్శన్‌లో. ఫ్రాన్స్‌తో క్వార్టర్ ఫైనల్లో జికో పెనాల్టీ ఆగిపోవడం, ఆపై షూటౌట్లో ఓటమి, అర్ధరాత్రి దాటాక టీవీ ముందు కూర్చున్నవాళ్లెవరూ మరచిపోలేదు.

బ్రెజిల్ పేరు మన హైదరాబాద్‌కు ఇంకో దారిలోనూ చేరింది. 1950, 60ల భారత జట్టును 'ఆసియా బ్రెజిల్' అంటారు. దానికి కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం, అందరికీ రహీం సాబ్. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణాలు ఆయన శిక్షణలోనే వచ్చాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్ చేరాం, నాలుగో స్థానం దక్కింది. ఈ 'ఆసియా బ్రెజిల్' మాట మెల్‌బోర్న్‌లోనే పుట్టిందని కొందరు రాస్తుంటారు. అది నాకు అతకదు. 1956 నాటికి బ్రెజిల్ ఒక్క ప్రపంచ కప్ కూడా గెలవలేదు. అప్పటికి అందరూ పోల్చుకునే జట్టు హంగరీ. బ్రెజిల్‌తో పోలిక గౌరవంగా మారాలంటే 1958 దాటాలి. పేర్ల కథలు పరీక్షించడానికి నేను వాడే పద్ధతి ఇదే: ఆ పేరు పుట్టిందంటున్న రోజున ఆ పోలికకు విలువ ఉందా అని చూడటం.

అదే పద్ధతిలో మరో ప్రచారం కూడా చూడండి. 'పసుపు అంటే బ్రెజిల్ బంగారు గనులు, ఆకుపచ్చ అంటే అడవులు' అని క్విజ్ పుస్తకాల్లో ఉంటుంది. అక్కడి బడిపిల్లలూ అలాగే నేర్చుకుంటారు, జనం మనసులో ఆ అర్థం నిజమే. కానీ ఆ రంగులు మొదట వచ్చింది రాజకుటుంబాల నుంచి. 1822లో స్వాతంత్ర్యం ప్రకటించిన చక్రవర్తి మొదటి పెద్రోది బ్రగాంజా వంశం, దాని రంగు ఆకుపచ్చ. ఆయన భార్య లియోపోల్డినాది ఆస్ట్రియా హాప్స్‌బర్గ్ వంశం, దాని రంగు పసుపు. 1889లో రాజరికం పోయినా రంగులు ఉండిపోయాయి. ఇటలీ నీలం సవాయ్ రాజవంశానిది, నెదర్లాండ్స్ నారింజ ఆరెంజ్ వంశానిది. వాటిలాగే బ్రెజిల్ పసుపుకూ వెనక ఒక రాచ గుర్తు ఉంది.

2014 జులై 8న బెలో హొరిజాంటెలో జర్మనీ చేతిలో 7-1తో ఓడింది కూడా పసుపు చొక్కాలోనే, అదీ సొంతగడ్డ మీద సెమీఫైనల్లో. స్కోరు చూస్తే 1950 కంటే ఘోరం. అయినా చొక్కా మార్చాలన్న ఊపు దేశంలో రాలేదు. అప్పటికి దాని వెనక ఐదు ప్రపంచ కప్పులున్నాయి: 1958, 1962, 1970, 1994, 2002. 2016లో సమాఖ్య కోపంగా చూసే కానరీ బొమ్మను మస్కట్‌గా తెచ్చింది, పిల్లలకు అది తెగ నచ్చింది. అయితే ఆ చొక్కాకు గత పదేళ్లలో వేరే చిక్కు వచ్చి పడింది. రాజకీయ ర్యాలీల్లో ఒక వర్గం దాన్నే గుర్తుగా వాడుకుంది, ముఖ్యంగా మాజీ అధ్యక్షుడు బోల్సొనారో మద్దతుదారులు. దాంతో 2022 ఎన్నికల నాటికి చాలామంది మామూలు అభిమానులు పసుపు వేసుకుని బయటికి రావడానికి ఇబ్బంది పడ్డారు, కొందరు నీలం జెర్సీకి మారారు. అందరి కోసం గీసిన చొక్కా ఒక పక్షానిదిగా కనబడటం నాకు చాలా బాధగా అనిపించింది.

ఇక మీ చివరి ప్రశ్న. తెల్ల జెర్సీని ఎవరూ నిషేధించలేదు. 1952లో జట్టు మళ్లీ ఆడటం మొదలుపెట్టినప్పుడు వేసుకున్నది తెలుపే. ఆ ఏడాది శాంటియాగోలో జరిగిన పాన్ అమెరికన్ చాంపియన్‌షిప్‌లో అదే తెల్ల చొక్కాలతో ఉరుగ్వేను 4-2తో ఓడించి టైటిల్ గెలిచారు. మరకానాలో ఓడిన రెండేళ్లకే ఇది జరిగిందని చాలామందికి తెలియదు. 1953 దక్షిణ అమెరికా చాంపియన్‌షిప్‌లో కూడా తెలుపే ఉంది. పసుపు వచ్చాక దాన్ని పక్కన పెట్టారు, అంతే. మళ్లీ 2019లో, 1919 టైటిల్‌కు వందేళ్లయిన సందర్భంగా, కోపా అమెరికా తొలి మ్యాచ్‌లో బ్రెజిల్ నీలం కాలరున్న తెల్ల జెర్సీ వేసుకుంది. సావో పాలోలోని మొరుంబి స్టేడియంలో బొలీవియాపై 3-0తో గెలిచింది. తర్వాత ఫైనల్ మరకానాలో పెరూతో జరిగింది, 3-1తో కప్పు బ్రెజిల్‌కే వచ్చింది. ఆ రోజు మాత్రం వేసుకున్నది పసుపే.